దసరా ఇనామును హక్కుగా మార్చిన సంజీవయ్య



మన హాస్టల్ గోడ మీద అంబేద్కర్ గారి ఫోటో, బాబూ జగ్జీవన్ రామ్ గారి ఫోటో పక్కపక్కనే ఉంటాయి. ఏప్రిల్ వచ్చిందంటే ఇద్దరి జయంతులకూ ఉపన్యాస పోటీలు పెడతారు. ఫిబ్రవరి 14న వచ్చే దామోదరం సంజీవయ్య గారి జయంతి మాత్రం రెండు మాటలతో అయిపోతుంది. ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఆ రెండు మాటలూ నేనే చెప్పాను. ఆంధ్రప్రదేశ్‌కు తొలి దళిత ముఖ్యమంత్రి అనీ, నిజాయితీపరుడు అనీ చెప్పి, చప్పట్లు కొట్టించుకుని కూర్చున్నాను. అంతకు మించి నాకూ తెలియదు.

ఎం.కాం.లో కార్మిక చట్టాల పేపరు చదువుతుంటే బోనస్ చెల్లింపు చట్టం, 1965 అనే పాఠం వచ్చింది. ఆ ఏడాది కేంద్రంలో కార్మిక మంత్రి ఎవరా అని చూస్తే సంజీవయ్య గారే! ఆ రోజు నుంచి ఆయన మీద నా చూపు మారిపోయింది. ఎందుకంటే ఎక్కువ పని చేస్తే ఎక్కువ డబ్బు అనే మాట మా ఇంట్లో పుస్తకాల్లోది కాదు. మా అమ్మ బీడీలు చేస్తుంది. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. ఆ లెక్క మీదే నేను పెరిగాను. అందుకే ఈసారి సంజీవయ్య గారి జీవితాన్ని ఈ కోణంలో మీకు చెప్పాలనుకున్నాను.

పెదపాడు నుంచి మద్రాసు దాకా

సంజీవయ్య గారు 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గరి పెదపాడు గ్రామంలో ఒక దళిత కుటుంబంలో పుట్టారు. తండ్రి మునెయ్య, తల్లి సుంకులమ్మ. సొంత భూమి లేదు. నేత నేసి, కూలికి వెళ్లి బతికే ఇల్లు. ఆయన పుట్టిన కొద్ది రోజులకే తండ్రి చనిపోయారు. తల్లి పిల్లలను తీసుకుని పాలకుర్తిలో మేనమామ దగ్గరికి వెళ్లింది. కొన్నేళ్లకు మళ్లీ పెదపాడు చేరారు. అన్న చిన్నయ్య కూలి చేసి తమ్ముణ్ని బడికి పంపారు.

తమ్ముళ్లారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మనలో చాలామంది చదువు వెనుక ఇలాంటి అన్నో, అక్కో, అమ్మో ఉంటారు. వాళ్లు కూలికి పోతేనే మనం బడికి వచ్చాం. సంజీవయ్య గారికి కూలి అంటే పుస్తకంలో చదివిన మాట కాదు. ఆ కూలి డబ్బులతోనే ఆయన చదువు సాగింది.

కర్నూలులో హైస్కూలు చదువు ముగించి, అనంతపురం దత్తమండల కళాశాలలో చేరారు. ప్రభుత్వ ఉపకార వేతనం ఆధారంగానే ఆ చదువు నడిచింది. లెక్కలంటే ఆయనకు ప్రాణం. డిగ్రీ అయ్యాక వెంటనే పెద్ద ఉద్యోగమేమీ రాలేదు. కర్నూలు రేషనింగ్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేశారు. ఆ తర్వాత మద్రాసు వెళ్లి లా కాలేజీలో చేరారు. ఖర్చుల కోసం ఒక బడిలో పిల్లలకు లెక్కలు చెబుతూ లా చదివారు. 1948లో పట్టా అందుకుని, 1950లో వకీలు అయ్యారు.

అదే ఏడాది తాత్కాలిక పార్లమెంటులో సభ్యులయ్యారు. 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికై, రాజాజీ మంత్రివర్గంలో చేరారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలోనూ ఉన్నారు. 1960 జనవరి 11న ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయన వయసు 38 ఏళ్లు. 1962 మార్చి దాకా ఆ పదవిలో ఉన్నారు. వృద్ధాప్య పింఛన్లు, అవినీతి నిరోధక శాఖ ఆయన కాలంలోనే మొదలయ్యాయి. తర్వాత అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. ఆ పదవిలో కూర్చున్న తొలి దళితుడు ఆయనే.

1964 మేలో నెహ్రూ గారు చనిపోయారు. జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి గారు ప్రధాని అయ్యారు. ఆయన మంత్రివర్గంలో సంజీవయ్య గారికి కార్మిక, ఉపాధి శాఖ దక్కింది. అక్కడే ఆయన కోసం ఒక పాత తగాదా కాచుకుని ఉంది. దాని పేరు బోనస్.

బోనస్ అనే మాట వెనుక

మా తాత చెరకు సీజన్లో చక్కెర ఫ్యాక్టరీ పనికి పోయేవాడు. సీజన్ అయిపోతే ఊళ్లో పటేలు దగ్గర పని. ఆయన తరచూ ఒక సంగతి చెప్పేవాడు. దసరాకు పటేలు ఇంటి ముందు చేతులు కట్టుకుని నిలబడితే ఒక తువ్వాల, కొన్ని పైసలు ఇచ్చేవారు. అది ఇనాము. పటేలుకు మనసైతే ఎక్కువ, కోపమొస్తే ఏమీ లేదు. ఫ్యాక్టరీలో మాత్రం రిజిస్టరులో పేరు చూసి, వేలిముద్ర వేయించుకుని డబ్బులు ఇచ్చేవారు. అది బోనస్. రెండూ పండుగ ముందు వచ్చే డబ్బులే. కానీ ఒకటి అడుక్కున్నట్టు, ఇంకొకటి సంపాదించినట్టు ఉండేదని తాత అనేవాడు. ఆ తేడాను ఆయనకు ఎవరూ పాఠంగా చెప్పలేదు.

మన దేశంలో బోనస్ కూడా మొదట ఇనాములాంటిదే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ధరలు పెరిగాయి, మిల్లులకు లాభాలూ బాగా వచ్చాయి. 1917లో బొంబాయి బట్టల మిల్లుల యజమానులు జీతం మీద 10 శాతం యుద్ధ బోనస్ ఇచ్చారు. అహ్మదాబాదులో ప్లేగు వ్యాధి వచ్చి కార్మికులు ఊరు వదిలి పోతుంటే, వాళ్లను ఆపడానికి ప్లేగు బోనస్ ఇచ్చారు. అంటే డబ్బు ఆశ చూపి పనిలో నిలబెట్టుకున్నారు. అది పనిచేసింది కూడా. కానీ ప్లేగు తగ్గగానే యజమానులు ఆ బోనస్ తీసేశారు. ధరలు మాత్రం తగ్గలేదు. దాంతో 1918లో పెద్ద సమ్మె జరిగింది. గాంధీ గారు కార్మికుల పక్షాన నిరాహారదీక్ష చేశారు. చివరికి 35 శాతం పెంపుతో ఆ గొడవ ముగిసింది.

ఆ తర్వాత దాదాపు యాభై ఏళ్లు ఇదే తగాదా. యజమాని బోనస్ అంటే నా దయ అనేవాడు. కార్మికుడు నా చెమటతో వచ్చిన లాభంలో నా వాటా అనేవాడు. 1950లో కార్మిక అప్పిలేట్ ట్రిబ్యునల్ ఒక సూత్రం చెప్పింది. లాభంలోంచి యంత్రాల అరుగుదల, వాటి పునరుద్ధరణ, పెట్టుబడి మీద రాబడి లాంటివి తీసేశాక మిగిలిన దాంట్లోంచి బోనస్ ఇవ్వాలని దాని సారాంశం. కానీ ఆ మినహాయింపుల దగ్గరే మళ్లీ గొడవ. ప్రతి ఏడాదీ, ప్రతి ఫ్యాక్టరీలోనూ కేసులే. కార్మికుడికి ఈ ఏడాది ఎంత వస్తుందో, అసలు వస్తుందో రాదో తెలిసేది కాదు. చివరికి 1961 డిసెంబరులో ప్రభుత్వం ఎం.ఆర్.మెహర్ అధ్యక్షతన బోనస్ కమిషన్ వేసింది. 1964 జనవరిలో నివేదిక వచ్చింది. కమిషన్‌లోనే ఏకాభిప్రాయం లేదు.

ఆ నివేదిక తర్వాత కొద్ది నెలలకే సంజీవయ్య గారు ఆ శాఖకు మంత్రిగా వచ్చారు. 1964 సెప్టెంబరులో ప్రభుత్వం కొన్ని మార్పులతో సిఫారసులను ఒప్పుకుంది. 1965 మే 29న ఆర్డినెన్స్ వచ్చింది. ఆ తర్వాత బిల్లు పార్లమెంటుకు వచ్చింది. అప్పుడు పాకిస్తాన్‌తో యుద్ధం జరుగుతున్న రోజులు. కాల్పులు ఆగిన రెండు రోజులకు, 1965 సెప్టెంబరు 25న అది చట్టమైంది.

చట్టంలోని లెక్క

ఈ చట్టం ఒక్క సంజీవయ్య గారిదే అని నేను అనను. కార్మిక సంఘాల పోరాటం ఉంది, కమిషన్ శ్రమ ఉంది, మంత్రివర్గం నిర్ణయం ఉంది. కానీ దాన్ని చట్టం దాకా తెచ్చిన కాలంలో ఆ శాఖ మంత్రి ఆయన. అన్న కూలి డబ్బులతో చదివి, పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. అందుకేనేమో ఆ చట్టం చదువుతుంటే నాకు లెక్కల మాష్టారి నోటు పుస్తకం గుర్తుకొచ్చింది.

20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట ఇది వర్తించింది. ఏడాదిలో కనీసం 30 పనిదినాలు చేసిన వాళ్లకు హక్కు వచ్చింది. ఏడాది జీతంలో 4 శాతం గానీ, 40 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది కనీస బోనస్. లాభం వచ్చినా, నష్టం వచ్చినా అది ఇవ్వాల్సిందే. లాభం బాగా వస్తే 20 శాతం దాకా పెరుగుతుంది.

చిన్న లెక్క చేద్దాం. ఆ రోజుల్లో నెలకు 150 రూపాయలు జీతం ఉన్న మనిషికి ఏడాదికి 1,800. దాని మీద 4 శాతం అంటే 72 రూపాయలు. 20 శాతం అంటే 360 రూపాయలు. నెలకు 60 రూపాయలే ఉన్న మనిషికి ఏడాదికి 720. దాని మీద 4 శాతం అంటే 28 రూపాయల 80 పైసలే. కానీ చట్టం 40 కంటే తగ్గనివ్వదు. అంటే బాగా తక్కువ జీతం ఉన్నవాడికే ఆ 40 రూపాయల నియమం అండగా నిలిచింది.

ఇంకో మంచి ఏర్పాటు ఉంది. బోనస్‌కు పనిచేసిన రోజులు లెక్కపెడతారు, కాబట్టి నాగాలు పెడితే తగ్గుతుంది. కానీ జీతంతో కూడిన సెలవు, ప్రసూతి సెలవు, పనిలో ప్రమాదం జరిగి ఇంట్లో ఉన్న రోజులు, యజమానే పని లేదని లే-ఆఫ్ చేసిన రోజులు కూడా పనిచేసినట్టే లెక్క. తన తప్పు లేని చోట కార్మికుడికి కోత లేదు. అలాగే ఒక ఏడాది మిగులు ఎక్కువైతే కొంత ముందుకు జమ చేసి, తక్కువైన ఏడాదిలో సర్దుకునే పద్ధతి పెట్టారు. మన ఇళ్లలో పంట బాగా పండిన ఏడాది నాలుగు బస్తాలు దాచుకున్నట్టే.

యజమానులు కోర్టుకు వెళ్లారు. 1966లో సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్లను కొట్టేసినా, కనీస బోనస్‌ను నిలబెట్టింది.

డబ్బు ఆశ చూపితే పని పెరుగుతుందా?

మా క్లాసులో ఈ ప్రశ్న మీద పెద్ద చర్చే జరిగింది. నష్టం వచ్చినా 4 శాతం ఇస్తే ఇక కార్మికుడు ఎందుకు కష్టపడతాడని ఒక మిత్రుడు అడిగాడు. సరైన ప్రశ్నే. ఆ 4 శాతం పని పెంచే డబ్బు కాదు, తర్వాత అందే జీతం లాంటిది. పని పెంచే ఆశ 4కూ 20కీ మధ్య ఉంటుంది.

అక్కడ కూడా ఒక చిక్కు ఉంది. 500 మంది ఉన్న ఫ్యాక్టరీలో ఒకడు ఎక్కువ కష్టపడి కంపెనీకి 1,000 రూపాయలు మిగిల్చాడనుకోండి. అందులో 600 బోనస్‌కు పోయినా, 500 మందికి పంచితే అతనికి వచ్చేది 1 రూపాయి 20 పైసలే. ఆ రూపాయి కోసం ఎవడు చెమటోడుస్తాడు?

దీనికి జవాబు మన పొలాల్లోనే ఉంది. నిజాంసాగర్ కాలువ కింద వరి నాట్లు రోజు కూలికీ వేస్తారు, గుత్తకూ వేస్తారు. రోజు కూలి అయితే పొద్దు గుంకే దాకా పని సాగుతుంది. ఎకరానికి ఇంత అని గుత్తకు పడితే పన్నెండు మంది ఆడవాళ్ల ముఠా ఎండ ముదరకముందే ఎంత పని తీస్తుందో మీకు తెలుసు. అక్కడా డబ్బు పన్నెండు మందికి సమానంగానే పంచుతారు. అయినా ఎవరూ చెయ్యి ఆపరు. ఎందుకంటే ఒకరి పని ఒకరికి కనబడుతుంది, ఎకరం ఎంతో, రేటెంతో ముందే తెలుసు. కాబట్టి వాటా చిన్నదైనా లెక్క కళ్లముందు ఉంటే మనిషి కష్టపడతాడు. లెక్క కనబడకపోతే ఎంత ఆశ చూపినా నమ్మడు.

తర్వాతి కాలంలో ప్రభుత్వాలకూ ఇది అర్థమైంది. 1976లో లాభం బదులు ఉత్పత్తిని బట్టి బోనస్ ఇచ్చుకునే వీలును చట్టంలో చేర్చారు. రైల్వేలో 1979-80 నుంచి ఉత్పాదకత బోనస్ ఉంది. చాలా ఏళ్లుగా అది 78 రోజుల జీతంగా వస్తోంది. మన సింగరేణిలో లాభాల వాటా ఎంత శాతం ప్రకటిస్తారా అని దసరా ముందు ఇంటింటా ఎదురుచూస్తారు.

మా అమ్మ లెక్క

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. మా అమ్మ తునికాకు తడిపి, కత్తెరతో కత్తిరించి, చాట ఒడిలో పెట్టుకుని తంబాకు పోసి చుడుతుంది. 25 బీడీలు ఒక కట్ట. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు అమ్మ బీడీలు అప్పగించే చోట లెక్క చూసే మనిషి రోజూ ఒకటి రెండు కట్టలు బాగాలేవని తీసేసేవాడు. ఏం బాగాలేదో చూపించేవాడు కాదు, తిరిగి ఇచ్చేవాడూ కాదు. అమ్మ ఎక్కువ చేసిన రోజు ఎక్కువ కట్టలు పోయేవి. కొన్నాళ్లకు అమ్మ తొందరపడటం మానేసింది. రోజుకు ఆరేడు వందలతో ఆపేసేది. అమ్మకు చేతనైనంత చేయడం లేదని నాకు తెలుసు. అప్పుడు అది నాకు బద్ధకంలా కనిపించింది. ఈ రోజు ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

తర్వాత అమ్మ ఇంకో చోటికి మారింది. రేటు అదే. కానీ అక్కడ కట్టలు ఎదురుగా లెక్కపెట్టి, తీసేసిన బీడీలో తప్పేంటో చూపించి చేతికిచ్చేవారు. రెండు నెలల్లో అమ్మ రోజుకు వెయ్యికి చేరింది. ఒక్క పైసా రేటు పెరగకుండానే పని పెరిగింది. పెరిగింది నమ్మకం మాత్రమే.

అలాగని ముక్కరేటు అంతా మంచిదని కాదు. వెయ్యి చేయాలన్న ఆశతో అమ్మ నడుము వంగిపోయింది. సెలవుల్లో మా చెల్లి కూడా చాట ముందు కూర్చునేది. డబ్బు ఆశ మనిషిని పరిగెత్తిస్తుంది గానీ ఎక్కడ ఆగాలో చెప్పదు. అందుకే కింద ఒక కనీసం ఉండాలి. నేను డిగ్రీలో చేరిన ఏడాది అమ్మ పేరు పుస్తకంలో ఎక్కింది. ఆ తర్వాత మొదటిసారి బోనస్ వచ్చింది. ఆ డబ్బులతో నాకు పుస్తకాలు కొనిచ్చి, ఇది ఎవరిచ్చారని అమ్మ అడిగింది. యజమాని ఇచ్చాడని చెప్పాను. అప్పటికి నాకు ఇంకా సంజీవయ్య గారు తెలియరు.

ఊళ్లో అమ్మతో పాటు బీడీలు చేసే చాలామంది పేర్లు నేటికీ పుస్తకంలో లేవు. వాళ్లకు వెయ్యికి ఇంత అనే లెక్క తప్ప ఇంకేమీ లేదు. పేరు లేని చోటికి చట్టం నడిచి రాదు.

చివరి దాకా

సంజీవయ్య గారు 1966లో పరిశ్రమల మంత్రి అయ్యారు. 1970లో మళ్లీ కార్మిక శాఖకు వచ్చారు. అదే ఏడాది కార్మికుల సమస్యల మీద, పరిశ్రమల అభివృద్ధి మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం వెలువడింది. 1971లో మరోసారి కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. 1972 మేలో ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51 ఏళ్లే. పెద్ద పెద్ద పదవులు చేసినా వెనుక ఆస్తులు మిగల్చని మనిషిగా ఆయన పేరు ఈనాటికీ నిలిచి ఉంది.

అదే 1972లో కనీస బోనస్ 4 నుంచి 8.33 శాతానికి పెరిగింది. 8.33 శాతం అంటే ఏడాది జీతంలో పన్నెండో వంతు, అంటే ఒక నెల జీతం. 1975లో ఎమర్జెన్సీ రోజుల్లో కనీస బోనస్‌ను దెబ్బతీశారు. 1977లో అది తిరిగి వచ్చింది. 2019 వేతనాల కోడ్‌లో ఈ చట్టాన్ని కలిపేసినా, కనీసం 8.33, గరిష్ఠం 20 అనే హద్దులు అందులోనూ ఉన్నాయి.

హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కు ఉంది. విశాఖపట్నంలో న్యాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. 2008లో తపాలా బిళ్ల విడుదల చేశారు. అవన్నీ మంచివే. కానీ రిజిస్టరులో పేరు చూసుకుని, చేతులు కట్టుకోకుండా బోనస్ తీసుకునే ప్రతి కార్మికుడి దగ్గరా ఆయన గుర్తు ఉందని నా నమ్మకం.

తమ్ముళ్లారా, వచ్చే ఫిబ్రవరి 14న మీలో ఎవరైనా మైకు ముందు నిలబడితే, తొలి దళిత ముఖ్యమంత్రి అనే మాటతో పాటు ఈ బోనస్ కథ కూడా చెప్పండి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ పేరు పుస్తకంలో ఉందో లేదో ఒక్కసారి అడిగి చూడండి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కణ్నే. లెక్క చూడటం నేర్చుకున్నాను కాబట్టి ఇప్పుడు మా వాడకట్టులో నలుగురి పుస్తకాలు చూసి పెడుతున్నాను. ఈ హాస్టల్ నాకు పెట్టిన అన్నానికి నేను చేయగలిగింది ప్రస్తుతానికి ఇదే.